పన్నెండు గ్యాస్ పోయాక పాత కారు ఏసీకి ఏం మిగిలింది?

మహారాష్ట్రలోని బల్లార్షాలోనూ, మన పెద్దవాళ్లు ఇంకా చాందా అనే పిలిచే చంద్రపూర్‌లోనూ తెలుగువాళ్ల ఇళ్ల ముందు పాత కార్లు కనిపిస్తూనే ఉంటాయి. గనిలోనో పేపర్ మిల్లులోనో పనిచేసి రిటైరైన తండ్రి కొన్న బండిని అమ్మడానికి కొడుకుకు చేయి రాదు. మా నాన్న 1993లో కొన్న కారూ అలాంటిదే. ఎండలు 46 డిగ్రీలు దాటిన రోజుల్లో ఏసీ పనిచేయక, ఒక గ్యారేజీలో గ్యాస్ నింపించాం. నెల తిరక్కముందే, గ్యాస్‌ను ఒత్తి పైపుల్లో తిప్పే కంప్రెసర్ గరగరమని పట్టేసింది. ఏ గ్యాస్ వేశారని అడిగితే "గ్యాస్ అంటే గ్యాసే కదా" అన్నారు. అది నిజం కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి.

మొదటి ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి విష వాయువులు వాడేవారు. లీకైతే ప్రాణం మీదికి వచ్చేది. అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ బృందం, మంట అంటుకోని, విషం కాని వాయువును తయారుచేసింది. 1930లో ఆయన దాన్ని సభ ముందు పీల్చి, ఆ ఊపిరితోనే కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. అదే ఆర్-12. మన మెకానిక్కులు పన్నెండు గ్యాస్ అనేది దీన్నే. 1990ల దాకా కార్ల ఏసీలకు ఇదే గ్యాస్.

1974లో మొలీనా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు, ఈ రకం వాయువులు పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తాయని హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఆ పొర బాగా పలచబడిందని తేలింది. ఇలాంటి వాయువులను తగ్గించాలని 1987లో దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారత్ అందులో 1992లో చేరింది, 2000లో నిబంధనలు తెచ్చింది, 2008 ఆగస్టు నాటికి ఈ వాయువుల తయారీని ఆపేసింది. ఆస్తమా ఇన్‌హేలర్ల కోసం మాత్రం కొంత మినహాయింపు ఉండేది. నిర్ణయం సరైనదే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ అప్పటికే రోడ్డు మీద ఉన్న కార్ల సంగతి చిన్న ఊళ్ల గ్యారేజీలకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ఆర్-12 స్థానంలో వచ్చింది ఆర్-134ఏ. ఓజోన్‌కు దీనివల్ల హాని లేదు. చిక్కంతా ఆయిల్‌తో. ఏసీలో ఆయిల్ గ్యాస్‌తో కలిసి పైపులన్నీ తిరిగి మళ్లీ కంప్రెసర్‌కు చేరాలి. పాత బండ్లలో ఉండేది మినరల్ ఆయిల్. అది పన్నెండుతో కలుస్తుంది, 134తో కలవదు. ఎక్కడో పైపుల్లో, కాయిల్లో నిలిచిపోతుంది, కంప్రెసర్ ఎండిపోతుంది. మా బండికి జరిగింది ఇదే. పాత ఆయిల్ మీదే కొత్త గ్యాస్ ఎక్కించారు.

దీనికి మా ఎండ తోడు. చల్లని వైపు రెండు గ్యాసుల ఒత్తిడీ దాదాపు సమానం. కానీ గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ 60 డిగ్రీలకు వేడెక్కితే 134 ఒత్తిడి పన్నెండు కంటే పది శాతం దాకా ఎక్కువ. పాత కండెన్సర్ చిన్నది, పాత రబ్బరు గొట్టాలు బలహీనం. అందుకే 134ను పన్నెండంత బరువు నింపకూడదు, అందులో 80 నుంచి 90 శాతం చాలు. పాత ఆయిల్ వీలైనంత తీసేసి ఎస్టర్ ఆయిల్ పోయాలి. తేమ పీల్చే డ్రయర్, జాయింట్ల దగ్గర లీకు ఆపే రబ్బరు ఓ-రింగులు కొత్తవి వేయాలి. లీకు చూసి, వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ లాగేశాకే గ్యాస్ ఎక్కించాలి. ఖర్చవుతుంది. కానీ కంప్రెసర్ మార్చే ఖర్చుతో పోలిస్తే ఇదే నయం.

ఈ ఖర్చు తప్పించుకోవడానికే అడ్డదారులు వచ్చాయి. పాత ఇంటి ఏసీల్లో వాడిన ఆర్-22 ఒకటి. 60 డిగ్రీల దగ్గర దాని ఒత్తిడి పన్నెండు కంటే ఒకటిన్నర రెట్లు ఉంటుంది, గొట్టం పగలొచ్చు. రెండోది ప్రొపేన్, బ్యుటేన్ మిశ్రమం, అంటే వంటగ్యాస్ జాతి. ఇది మినరల్ ఆయిల్‌తో కలుస్తుంది, చల్లదనమూ బాగా ఇస్తుంది. ఆశ పుట్టడం సహజమే. ఫ్రిజ్‌లో ఐసోబ్యుటేన్ వాడట్లేదా అని అడుగుతారు. ఫ్రిజ్‌లో ఉండేది కొన్ని పదుల గ్రాములు, అతుకులన్నీ వెల్డింగ్ చేసి, కదలకుండా ఒకచోట ఉంటుంది. కారులో అన్నీ జాయింట్లు, రబ్బరు, కుదుపులు. పైగా చల్లబడే కాయిల్ డాష్‌బోర్డు వెనకే ఉంటుంది. లీకైతే గ్యాస్ నేరుగా మనం కూర్చున్న చోటికే వస్తుంది. గాలిలో రెండు శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. పన్నెండు కార్లకు ఇలాంటి మండే గ్యాసులు నింపడాన్ని అమెరికా నిషేధించింది. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని సిరోంచ దాకా వెళ్లే బండిలో అది వద్దని ఎవరికైనా కాళ్లు పట్టుకుని చెబుతాను.

134కూ ఇప్పుడు గడువు దగ్గరపడుతోంది. ఓజోన్‌ను తినకపోయినా, భూమిని వేడెక్కించడంలో ఇది బొగ్గుపులుసు వాయువుకు 1,430 రెట్లు. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కిగాలీలో కుదిరిన సవరణను భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఈ జాతి వాయువుల వాడకం 2028లో ఒక పరిమితి దగ్గర ఆగి, 2032 నుంచి తగ్గుతూ రావాలి. కొత్త కార్ల కోసం వచ్చిన ఆర్-1234వైఎఫ్ గ్యాస్ కొద్దిగా మండే గుణమున్నది, ఖరీదూ ఎక్కువ. పాత బండ్లకు ఇంకా చాలా ఏళ్లు 134తోనే గడవాలి.

మా బండికి రెండోసారి పని చేయించినప్పుడు, గ్యాస్ పేరు, బరువు, ఆయిల్ పేరు, తేదీ మెకానిక్‌తోనే రాయించి బానెట్ లోపల అంటించాం. తెలుగులోనూ, మరాఠీలోనూ.