సైకాలజీ క్లాసులో మనసులు చదవం: అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి సైకాలజీ మొదటి పేపర్ చెప్తాను. అడ్మిషన్ల రోజుల్లో సిలబస్ గురించి అడిగేవాళ్ళు తక్కువ. "పిచ్చోళ్ళ చదువేటి మాస్టారూ, ఆడపిల్లకి ఇదెందుకు?" అని తండ్రి అడుగుతాడు. "సార్, ఈ సబ్జెక్ట్ ఈజీ అంట కదా" అని పక్కనే ఉన్న కుర్రాడు అడుగుతాడు. సబ్జెక్ట్ గురించి ముందే తెలుసన్న ధీమా ఇద్దరిలోనూ ఉంటుంది. కెమిస్ట్రీలో చేరేవాడికి తనకి కెమిస్ట్రీ రాదని తెలుసు. సైకాలజీలో చేరేవాడు మాత్రం మనుషుల సంగతి తనకి బాగానే తెలుసనుకుని వచ్చి కూర్చుంటాడు. ఆ తెలుసనుకున్నదాన్ని కాసేపు పక్కన పెట్టి, కొలిచి చూసి, చూసింది చూసినట్టు రాయమంటాం. మొదటి సెమిస్టర్‌లో మేం అడిగేది దాదాపు ఇంతే. ఇది చెప్పినంత సులువు కాదు.

అపోహ: ఇది పిచ్చోళ్ళ చదువు, ఉద్యోగాలు రావు

మానసిక రుగ్మతలు మొదటి పేపర్‌లో ఒక అధ్యాయం ఉంటే ఉంటాయి, కొన్ని సిలబస్‌లలో అదీ ఉండదు. ఎక్కువ భాగం మామూలు మనుషుల గురించే: ఎలా చూస్తాం, ఎలా నేర్చుకుంటాం, ఎందుకు మర్చిపోతాం, కోపం వచ్చినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది.

ఉద్యోగం సంగతికొస్తే, మన జిల్లాల్లో సగం ఇళ్ళలో డీఎస్సీ మాట వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడి నుంచే చెప్తాను. టెట్ మొదటి పేపర్‌లో 150 మార్కులకి 30 మార్కులు శిశు వికాసం, బోధనా పద్ధతులవే. బీఈడీలో విద్యా మనోవిజ్ఞానం ఎలాగూ ఉంది. ఇక క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు. పీజీ చేయాలి, ఆ తర్వాత రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి అక్కడ రిజిస్టర్ చేయించుకోవాలి. మందులు రాసే సైకియాట్రిస్టు దారి పూర్తిగా వేరు. ఆ దారి ఎంబీబీఎస్‌తో మొదలవుతుంది. బీఏలో సైకాలజీ తీసుకున్నంత మాత్రాన బోర్డు పెట్టుకుని కౌన్సెలింగ్ చేసెయ్యొచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి. అలాంటి బోర్డులు నేనూ చూశాను.

అపోహ: సైకాలజీ చదివితే ఎదుటివాళ్ళ మనసులో ఏముందో తెలిసిపోతుంది

తెలియదు. ముప్పై ఏళ్ళు చదివినా తెలియదు.

ముక్కు తడుముకుంటే అబద్ధం, కళ్ళు పక్కకి తిప్పితే అబద్ధం అని రీల్స్ చూసి వస్తారు పిల్లలు. అబద్ధం పట్టుకోవడం మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు ఒకచోట చేర్చి లెక్కగట్టారు. మనుషులు సగటున 54 శాతం సార్లే సరిగ్గా చెప్పగలిగారు. నాణెం ఎగరేసి చెప్పినా 50 శాతం వస్తుంది. వృత్తిరీత్యా అబద్ధాలతో పనున్నవాళ్ళు కూడా మామూలువాళ్ళ కంటే పెద్దగా మెరుగ్గా ఏమీ లేరు.

మన వైపు ఈ భ్రమకి కొంత చరిత్ర కూడా తోడైందేమో అనిపిస్తుంది నాకు. ఆంధ్రా యూనివర్సిటీలో ఈ శాఖ పేరు చాలాకాలం సైకాలజీ అండ్ పారాసైకాలజీ. కోనేరు రామకృష్ణారావు గారు 1960ల చివర్లో దాన్ని మొదలుపెట్టారు. అతీంద్రియ శక్తుల్ని ప్రయోగశాలలో పరీక్షకి పెట్టాలన్నది ఆయన పట్టుదల. ఆ పని మీద ప్రపంచమంతా వాదోపవాదాలు జరిగాయి. టెలీపతీ, అంటే మాటల్లేకుండానే ఎదుటివాళ్ళ ఆలోచన తెలుసుకోవడం, ఉందని మాత్రం సైకాలజీ ఈనాటికీ ఒప్పుకోలేదు. మీ సిలబస్‌లో అది వెతక్కండి.

సిలబస్‌లో మొదట కనిపించే పేరు విల్‌హెల్మ్ వుంట్. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో తొలి సైకాలజీ ప్రయోగశాల పెట్టింది ఆయనే. మన విజయనగరం మహారాజా వారి బడి కాలేజీ అయింది కూడా ఆ ఏడాదే. రెండింటికీ ఏ సంబంధమూ లేదు, తేదీ గుర్తుంటుందని చెప్తుంటాను. వుంట్ దగ్గర చేరినవాళ్ళు చేసిన పని ఏమిటంటే, చప్పుడు వినిపించినప్పటి నుంచి మీట నొక్కేదాకా పట్టే సెకనులో భాగాల్ని లెక్కపెట్టడం. మనసులు చదవాలని వచ్చినవాళ్ళకి నీరసం రావడం సహజం.

అపోహ: అంతా కామన్ సెన్సే కదా

దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

"ఆలస్యం అమృతం విషం" అంటాం. "నిదానమే ప్రధానం" అని కూడా అంటాం. పని చెడ్డాక చూసుకుంటే రెండింట్లో ఏదో ఒకటి తప్పక నిజమవుతుంది. జరిగినదాన్ని వివరించడానికి సామెత ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. జరగబోయేది ఏదో ముందుగా చెప్పమంటే మాత్రం చేతులెత్తేస్తుంది. పరీక్షలో మేం అడిగేది ఆ రెండోదాన్ని: ఏ పరిస్థితిలో ఏది పనిచేస్తుంది, ఎవరు ఎలా పరీక్షించి చూశారు?

జ్ఞాపకశక్తి పాఠానికి ముందు పిల్లలకి ఒక పని ఇస్తాను. తిత్లీ తుపాను రాత్రి మీరెక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, కరెంటు ఎప్పుడు పోయింది, ముందు పడిన చెట్టు ఏది? ఇంటికెళ్ళి ఎవరినీ అడక్కుండా ఒక పేజీ రాయాలి. ఆ తర్వాత ఇంట్లో ఇద్దరిచేత వేర్వేరుగా అవే ప్రశ్నలకి జవాబులు చెప్పించుకుని పక్కపక్కన పెట్టాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది అది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. మరిచిపోయే రాత్రి కాదు కదా. అయినా కాగితాలు కలవవు. మేనమామ ఆ రాత్రి మా ఇంట్లోనే ఉన్నాడని మనవరాలు రాస్తుంది, వాడు ఆ ఏడాది చెన్నైలో పనిలో ఉన్నాడని నాయనమ్మ అంటుంది. ఇద్దరూ ఒట్టేసి చెప్పేంత నమ్మకంగా ఉంటారు.

అమెరికాలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక 1986 జనవరి 28న పేలిపోయింది. ఆ వార్త మీకెలా తెలిసిందో రాయమని ఉల్రిక్ నైసర్ అనే సైకాలజిస్టు మర్నాడే విద్యార్థుల చేత రాయించుకున్నాడు. దాదాపు రెండున్నరేళ్ళ తర్వాత అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. నలుగురిలో ఒకరికి ముఖ్యమైన వివరాలన్నీ మారిపోయాయి. ఇంకా వింత ఏమిటంటే, పాత కాగితం, సొంత చేతిరాత చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. ఎంత నమ్మకంగా చెప్తున్నామన్నది జ్ఞాపకం నిజమనడానికి సాక్ష్యం కాదు. ఇది కామన్ సెన్సే అయితే సాక్షుల మాట మీద ఇన్ని కేసులు నడవవు.

అపోహ: ప్రాక్టికల్స్ అంటే సీనియర్ రికార్డు చూసి దించడమే

చాలామంది చేసేది అదే, ఒప్పుకుంటాను. కాకపోతే ఇట్టే దొరికిపోతారు.

మొదట్లో చేయించే ప్రయోగాల్లో మిర్రర్ డ్రాయింగ్ ఒకటి. పలక మీద జంట గీతలతో నక్షత్రం బొమ్మ ఉన్న కాగితం పెడతాం. దాని వెనక నిలువుగా అద్దం. సబ్జెక్ట్‌కి, అంటే ప్రయోగంలో కూర్చున్న మనిషికి, తన చెయ్యి నేరుగా కనపడకుండా మధ్యలో అడ్డు ఉంటుంది. అద్దంలో చూస్తూ రెండు గీతల మధ్య నుంచి పెన్సిల్ నడిపించాలి. అడ్డగీత దగ్గర బాగానే పోతుంది. మొదటి మూల తిరిగేసరికి పెన్సిల్ అక్కడే అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఇటు పొమ్మంటే అటు పోతుంది. క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి కూడా "చెయ్యి నా మాట వినట్లేదు సార్" అంటుంది. పక్కనున్న ప్రయోగకర్త స్టాప్‌వాచ్ చూసుకుంటూ, పెన్సిల్ గీతని దాటినప్పుడల్లా ఒక తప్పు వేసుకుంటూ ఉంటాడు. ముందు ఎడమ చేత్తో ఒకసారి చేయించి, కుడి చేత్తో కొన్నిసార్లు చేయించాక మళ్ళీ ఎడమ చేత్తో చేయిస్తే, ఎడమ చెయ్యి అభ్యాసం చేయకుండానే మెరుగైందా లేదా అన్నది తేలుతుంది.

దించిన రికార్డులో తప్పులు 24, 20, 16, 12 అని మెట్లు దిగినట్టు తగ్గిపోతాయి. నిజంగా చేసినదాంట్లో నాలుగోసారి హఠాత్తుగా పెరుగుతాయి, ఎందుకంటే సబ్జెక్ట్‌కి నవ్వొచ్చింది, లేదా పెన్సిల్ మొన విరిగింది. ఆ పెరిగిన అంకెని అలాగే ఉంచి, కారణం రికార్డులోని చర్చ భాగంలో రాసినవాడికి నేను మార్కులు వేస్తాను. చక్కగా దిగిన మెట్లకి వేయను.

ఈ చిన్న బొమ్మతోనే పెద్ద సంగతి బయటపడింది. మూర్ఛ తగ్గించడానికి 1953లో మెదడుకి ఆపరేషన్ జరిగాక కొత్త సంగతులేవీ గుర్తుండని ఒక రోగి ఉండేవాడు. పుస్తకాల్లో ఆయన్ని హెచ్.ఎం. అంటారు. బ్రెండా మిల్నర్ అనే సైకాలజిస్టు ఆయన చేత వరసగా మూడు రోజులు ఈ నక్షత్రం గీయించింది. రోజురోజుకీ తప్పులు తగ్గాయి. అంతకుముందు అలాంటి పని చేసినట్టు మాత్రం ఆయనకి గుర్తే లేదు. చెయ్యి నేర్చుకున్నది ఒకచోట, జరిగింది గుర్తుపెట్టుకునేది మరోచోట అని అలా తెలిసింది.

ఇంకో మాట. మీరు ప్రయోగకర్త మాత్రమే కాదు, వేరేవాళ్ళ ప్రయోగాల్లో సబ్జెక్ట్‌గా కూడా కూర్చోవాలి. అవతలివాళ్ళని ముందుగా అడగాలి, మధ్యలో వద్దంటే వదిలెయ్యాలి, రికార్డులో పేరు రాయకూడదు. పక్కింటి పిల్లాడికి తెలివితేటల పరీక్ష పెట్టి ఆ స్కోరు వాళ్ళమ్మకి చెప్పడం లాంటివి చేస్తే నేను ఊరుకోను.

అపోహ: ఆర్ట్స్ గ్రూపు కాబట్టి లెక్కలు ఉండవు

ఉంటాయి. సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో), సహసంబంధం (రెండు సంగతులు ఎంతవరకు కలిసి మారతాయో). పదో తరగతి లెక్కలు వస్తే చాలు, కాలిక్యులేటర్ పట్టుకోవచ్చు. లెక్క చేయడం కంటే దాన్ని అర్థం చేసుకోవడమే కష్టం. ముంజలు ఎక్కువగా అమ్ముడైన వారాల్లో వడదెబ్బ కేసులూ ఎక్కువుంటాయి. ముంజల వల్ల వడదెబ్బ తగిలిందని ఎవరూ అనరు, రెండింటికీ కారణం ఎండ అని అందరికీ తెలుసు. అదే ఫోన్ ఎక్కువ చూసే పిల్లలకి మార్కులు తక్కువ అనగానే ఫోనే కారణమని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు దగ్గర ఆగి ఇంకేం కారణాలు ఉండొచ్చో అడగడమే ఈ అధ్యాయం.

అపోహ: పరీక్ష ముందు రాత్రి గైడు నాలుగుసార్లు చదివితే సరి

మేం చెప్పే సబ్జెక్టే ఇది తప్పని చెప్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కొంతమంది విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. ఇంకొంతమందిని ఒకసారి చదివాక పుస్తకం మూసి గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాలాగి పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత పెడితే తిరగబడింది: మూసి రాసినవాళ్ళకి 56 శాతం, మళ్ళీ చదివినవాళ్ళకి 42 శాతం గుర్తున్నాయి. అందుకే ప్రతి సోమవారం క్లాసులో తెల్ల కాగితం ఇచ్చి గత వారం పాఠం రాయమంటాను. మార్కులుండవు. అయినా టెన్షన్ పడతారు. ఇక హాజరు మిగతా సబ్జెక్టుల్లాగే 75 శాతం ఉండాలి, ఇందులో బేరం లేదు.

అపోహ: పుస్తకంలో ఉన్న ప్రయోగమంటే తిరుగులేని నిజం

2015లో పెద్ద పరిశోధక బృందమొకటి పేరున్న పత్రికల్లో వచ్చిన 100 సైకాలజీ అధ్యయనాల్ని మళ్ళీ చేసి చూసింది. 36 శాతంలోనే మొదట చెప్పినట్టు స్పష్టమైన ఫలితం వచ్చింది. "ఎక్కడ, ఎవరి మీద, ఎంతమంది మీద చేశారు?" అని అడగడం మొదటి సెమిస్టర్‌లోనే అలవాటవ్వాలి. బాణం కొసలున్న గీత పొట్టిగా, తిరగేసిన కొసలున్న గీత పొడుగ్గా కనిపించే ముల్లర్-లయర్ భ్రమ మీకు చూపిస్తాం. నీలగిరి కొండల్లోని తోడా తెగవాళ్ళకి ఆ భ్రమ ఇంగ్లండువాళ్ళ కంటే తక్కువని రివర్స్ అనే ఆయన 1905లోనే రాశాడు.

అపోహ: క్లాసులో నా సమస్యకి పరిష్కారం దొరుకుతుంది

రుగ్మతల పాఠం మొదలైన వారంలో తమకి డిప్రెషన్ ఉందని కొందరు, మా అత్తకి బైపోలార్ అని ఇంకొందరు వస్తారు. లక్షణాల జాబితా చదివితే ఎవరికైనా నాలుగు తగులుతాయి. మెడికల్ స్టూడెంట్లకీ ఇది మామూలే. అత్తకి పేరు పెట్టే పని మానుకోండి.

నిజంగానే నిద్ర పట్టక, బతకాలనిపించక బాధపడుతుంటే మాత్రం పాఠం కోసం ఎదురుచూడకండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నా దగ్గరికీ రావచ్చు, వింటాను, డాక్టరు దగ్గరికి పంపిస్తాను. వైద్యం నా పని కాదు.

అపోహ: తెలుగు మీడియం వాళ్ళు నెగ్గుకురాలేరు

మొదటి నెల కష్టమే. ఇంగ్లిషు పదాలు ఓ యాభై దాకా ఉన్నవున్నట్టు నేర్చుకోవాలి, మిగతాది తెలుగులో ఆలోచించుకోవచ్చు. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ఇంగ్లిషు ఎంత బాగా వచ్చో చూడరు. మీ సబ్జెక్ట్ ఎడమ చేత్తో ఎన్ని తప్పులు చేసింది, ఎందుకని మీరనుకుంటున్నారు అని అడుగుతారు. ప్రయోగం చేసిన పిల్ల తెలుగులోనే గడగడా చెప్పేస్తుంది. దించినవాడు రికార్డు తిప్పుతూ పేజీ వెతుక్కుంటాడు.