స్విచ్ దగ్గరి చేయి: విద్యుత్ డిమాండ్ సర్దుబాటు వెనుక కథ

కరెంటును బియ్యంలా గోదాములో నిల్వ పెట్టుకోవడం తేలిక కాదు. ఏ క్షణాన ఎంత వాడుతున్నామో ఆ క్షణాన అంతా పుట్టాలి. వాడకం మించిపోతే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే తీగల్లో కరెంటు ఊగే వేగం, జారుతుంది. మరీ జారితే కొన్ని ప్రాంతాలకు సరఫరా ఆపక తప్పదు. ఈ తూకం నిలిపే భారం చాలాకాలం ఉత్పత్తి కేంద్రాలే మోశాయి. ఇక్కడ మనం స్విచ్ వేస్తే, ఎక్కడో ఒక టర్బైన్ మరికాస్త ఆవిరి తాగేది.

అయితే వినియోగదారును కూడా లెక్కలోకి తీసుకోవడం స్మార్ట్ మీటర్లతో (వాడకం వివరాలను సంస్థకు తామే చేరవేసే మీటర్లు) మొదలవలేదు. 1894లో షికాగో విద్యుత్ సంస్థ అధిపతి శామ్యూల్ ఇన్సల్, ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఆర్థర్ రైట్ రూపొందించిన మీటరును చూశాడు. ఒకేసారి అత్యధికంగా ఎంత కరెంటు లాగారో అది చూపేది. అసలు ఖర్చు అక్కడే ఉంది మరి. ఏడాదిలో కొద్ది గంటలే ఉండే పీక్ డిమాండ్ కోసం యంత్రాలన్నీ కొని సిద్ధంగా ఉంచాలి.

న్యూజిలాండ్ మరో దారి పట్టింది. 1950ల నుంచి కరెంటు తీగల మీదుగానే సంకేతం పంపి, ఇళ్లలోని వాటర్ హీటర్లను కాసేపు ఆపేవారు. ట్యాంకులో నీళ్లు ఎలాగూ గంటల తరబడి వేడిగానే ఉంటాయి కాబట్టి ఇంట్లోవాళ్లకు ఆ సంగతే తెలిసేది కాదు. కరెంటును దాచలేకపోయినా వేడిని దాచారు! ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఇదే. బ్రిటన్‌లో 1978లో వచ్చిన 'ఎకానమీ 7' టారిఫ్ రాత్రి ఏడు గంటలు చౌకగా ఇచ్చింది.

శరీరం తన ఉష్ణోగ్రతను తానే సరిదిద్దుకున్నట్టు గ్రిడ్, ఇళ్లు పరస్పరం స్పందించుకోవాలని ఎంఐటీ ఆచార్యుడు ఫ్రెడ్ ష్వెప్పే 1980లో ప్రతిపాదించాడు. అప్పటికి గ్రిడ్ పరిస్థితి ఎలా ఉందన్న కబురును ఇంటింటికీ చవగ్గా చేరవేసే సాధనం లేదు. ఇటలీలో ఎనెల్ సంస్థ 2001 నుంచి కోట్ల ఇళ్లకు స్మార్ట్ మీటర్లు బిగించడంతో ఆ కొరత తీరడం మొదలైంది.

ఈలోగా ఎండ, గాలి నుంచి వచ్చే కరెంటు పెరిగింది. అవి మన డిమాండ్ చూసి రావు, డిమాండే వాటి వేళకు సర్దుకోవాలి. ఎలక్ట్రిక్ కారును సాయంత్రం బదులు అర్ధరాత్రి దాటాక చార్జ్ చేయడం అలాంటి సర్దుబాటే. 2022 సెప్టెంబరు 6 సాయంత్రం, ఎండలకు అల్లాడుతున్న కాలిఫోర్నియాలో ప్రజల ఫోన్లకు అత్యవసర సందేశం వెళ్లింది. అరగంట లోపే డిమాండ్ సుమారు 2,000 మెగావాట్లు తగ్గింది. కోతలు తప్పాయి.

ఇలా డిమాండ్ తగ్గించేవారికి ప్రతిఫలం ఎంత ఉండాలి? విద్యుత్ టోకు మార్కెట్‌లో డిమాండ్ తగ్గించడం లాభసాటిగా ఉన్న వేళల్లో, తగ్గించిన కరెంటుకూ ఉత్పత్తి చేసిన కరెంటుతో సమానమైన ధర ఇవ్వాలని అమెరికా ఇంధన నియంత్రణ సంస్థ 2011లో ఆదేశించింది. ఉత్పత్తిదారులు కోర్టుకెక్కారు. 2016లో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్నే నిలబెట్టింది.