ఇంగ్లిష్ మీడియం పీరియడ్‌లో తెలుగు ఎక్కడ ఉండాలి?

ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోకి 2020-21 నుంచి, తెలంగాణ బడుల్లోకి 2022-23 నుంచి ఇలాంటి ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. పుస్తకం బాగుంది. చిక్కంతా దాన్ని చదివించే తీరులోనే ఉంది.

చాలా తరగతుల్లో టీచరు ఇంగ్లిష్‌లో ఒక వాక్యం చదువుతారు, వెంటనే తెలుగు చెబుతారు. రాని భాషను చెవి పెట్టి వినాలంటే కష్టపడాలి. కాసేపట్లో అర్థం ఎలాగూ చేతికొస్తుందని తెలిశాక ఏ పిల్లవాడూ ఆ కష్టం పడడు. తెలుగు కోసం ఆగుతాడు. అలాగని తెలుగును పూర్తిగా నిషేధిస్తే తరగతి మూగబోతుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో అక్కడి వెల్ష్ భాష, ఇంగ్లిష్ కలిసి నడిచే బడులను పరిశీలించిన కెన్ విలియమ్స్ 1994లో ఇంకో దారి వర్ణించారు: ఒక భాషలో విని లేదా చదివి, ఇంకో భాషలో చెప్పడం లేదా రాయడం. అక్కడ రెండు భాషలకూ వేర్వేరు పనులు ఉంటాయి. ఒకటి ఇంకొకదానికి నీడలా నడవదు.

ఆరో తరగతిలో 'నీరు ఆవిరి కావడం' పాఠమే తీసుకుందాం. పీరియడ్ 40 నిమిషాలు. తడిగుడ్డతో నల్లబల్ల మీద పక్కపక్కనే రెండు తడి మచ్చలు చేయండి. ఒకదానికి అట్టతో విసరండి, రెండోదాన్ని అలాగే వదిలేయండి. విసిరింది ముందు ఆరిపోతుంది. ఎందుకో పక్కవాళ్లతో 5 నిమిషాలు తెలుగులోనే మాట్లాడుకోనివ్వండి. ఆలోచన ముందు తనకు వచ్చిన భాషలో కుదురుకోవాలి. తర్వాత బల్లకు ఎడమవైపు ఆరేడు ఇంగ్లిష్ మాటలు రాయండి, అంతకు మించి వద్దు. 'ఎవాపరేషన్' ఎలాగూ రాస్తారు. ఎక్కువగా మర్చిపోయేవి 'ఫాస్టర్', 'సర్ఫేస్', 'రిమెయిన్', 'బికాజ్' లాంటివి. ప్రతి పాఠంలోనూ వచ్చే ఈ మాటలను పనిగట్టుకుని నేర్పేవారు తక్కువ.

వీటిలో 'బికాజ్' దగ్గర కాసేపు ఆగాలి. తెలుగులో కారణం ముందు, ఫలితం తర్వాత: 'గాలి తగిలింది కాబట్టి ఆరిపోయింది'. ఇంగ్లిష్‌లో 'బికాజ్'కు ముందు ఫలితం, వెనక కారణం ఉంటాయి. పిల్లవాడు 'కాబట్టి' ఉన్న చోట 'బికాజ్' పెట్టేస్తే, ఆరిపోయింది కాబట్టి గాలి తగిలింది అన్న అర్థం వస్తుంది. పేపరు దిద్దేవారికి అది సైన్సు తప్పులా కనిపిస్తుంది. నిజానికి తప్పు మాటల వరుసలో ఉంది. అందుకే ముందు 'సో' నేర్పండి, దాని వరుస అచ్చం 'కాబట్టి' వరుసే. రెండు చీటీల మీద కారణం, ఫలితం రాసిచ్చి 'సో'కు అటూ ఇటూ పెట్టించండి. తర్వాత 'సో' తీసి 'బికాజ్' పెట్టి, చీటీలు తారుమారు చేయించండి. 5 నిమిషాల పని.

ఇక వాక్యపు చట్రం, అంటే పిల్లలు పూర్తి చేయాల్సిన సగం వాక్యం: 'ద ఫస్ట్ ప్యాచ్ డ్రైడ్ ఫాస్టర్ బికాజ్ ____'. ఖాళీ ఆలోచన అవసరమైన చోటే ఉండాలి. 'డ్రైడ్' దగ్గర ఖాళీ వదిలితే అది ఖాళీలు పూరించే లెక్కే, బుర్రకు పని లేదు. మొదటి వారం చట్రమంతా ఇవ్వండి, రెండో వారం సగం, తర్వాత 'బికాజ్' ఒక్కటే. ఎన్నాళ్లైనా తీయకపోతే పిల్లలకు ఆ ఒక్క వాక్యమే వస్తుంది.

ప్రశ్న అడిగాక టీచర్లు సాధారణంగా ఒక సెకను మాత్రమే ఆగుతారని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో అమెరికా తరగతుల్లో గమనించారు. దాన్ని 3 సెకన్లు చేస్తే జవాబులు పొడవయ్యాయి. మన పిల్లలు ప్రశ్నను అర్థం చేసుకుని, జవాబు వెతికి, దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకోవాలి. మనసులో ఐదు లెక్కపెట్టండి.

'అర్థమైందా?' అని అడగకండి. 'అయిందండీ' అని తరగతంతా ఒక్క గొంతుతో అంటుంది, దానివల్ల ఏమీ తెలియదు. రెండు బొమ్మలు గీసి, ఏది ముందు ఆరుతుందో వేలితో చూపమనండి. 'వాటర్ గోయింగ్ ఎయిర్' అన్న పిల్లను ఆపి దిద్దకుండా, 'యెస్, ద వాటర్ గోస్ ఇంటు ది ఎయిర్' అని సరైన రూపంలో తిరిగి చెప్పి, ఆమెతో ఇంకోసారి అనిపించండి.

రెండు భాషల చదువుపై పరిశోధించిన జిమ్ కమిన్స్ 1979లో కబుర్ల భాషకూ చదువు భాషకూ తేడా చూపించారు. కబుర్లాడే భాష సుమారు రెండేళ్లలో వస్తుందని, చదువుకు కావలసిన భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. పిల్లవాడు 'మే ఐ కమిన్ సర్' అని ధారాళంగా అంటున్నాడని చట్రాలు, బొమ్మలు తీసేస్తే ఎనిమిదో తరగతి సైన్సు దగ్గర చతికిలబడతాడు.

ఏజెన్సీ బడుల్లో కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లలకు ఎదురు పేజీలోని తెలుగు కూడా ఇంటి భాష కాదు. అక్కడ మొదటి 5 నిమిషాల మాటలు వాళ్ల భాషలోనే సాగాలి. ఒకే భాష పిల్లలను పక్కపక్కన కూర్చోబెట్టండి. టీచరుకు ఆ భాష రాకపోయినా ఫరవాలేదు. తడి మచ్చ ఎదురుగానే ఉంది, వేలితో చూపించి మాట్లాడుకుంటారు.