మైకు ఎందుకు కూస్తుంది?

చిట్టితల్లీ,

స్కూల్ వార్షికోత్సవంలో నువ్వు పాట ఎత్తుకోగానే మైకు కుయ్‌మని అరిచిందనీ, అందరూ చెవులు మూసుకున్నారనీ రాశావు. "నా గొంతు బాగాలేకనా తాతయ్యా?" అని అడిగావు. కానే కాదమ్మా. మైకు తన మాట తానే మళ్లీ వినడం వల్ల పుట్టిన కేక అది.

ఊళ్లో పుకారు ఎలా పెరుగుతుందో చూశావా? బోరింగు దగ్గర ఒకావిడ "పక్కింటి గేదె కట్టు తెంపుకుంది" అంటుంది. వీధి చివరికి పోయేసరికి గేదె ఎవరినో పొడిచేస్తుంది. ఆ కబురు తిరిగి మొదటావిడ చెవినే పడుతుంది. అది తను వదిలిన మాటేనని ఆవిడ పోల్చుకోలేదు. ఇంకాస్త గట్టిగా చెబుతుంది. మైకూ అంతే. నీ పాటను ఆంప్లిఫయర్‌కి అందిస్తుంది, అది పెద్దది చేసి బాక్సుల్లోంచి వదులుతుంది. అందులో కొంత మళ్లీ మైకులో పడుతుంది. చుట్టు తిరిగినప్పుడల్లా తగ్గుతూ వస్తే దానంతటదే అణిగిపోతుంది. పెరుగుతూ వచ్చిందా, ఇక ఆగదు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కదా, బాక్సు 3.4 మీటర్ల దూరంలో ఉంటే ఈ పుకారు సెకనులో 100 చుట్లు తిరిగేస్తుంది! పది కబుర్లలో జనానికి నచ్చిన ఒక్కటే ఊరంతా పాకినట్టు, ఆ హాలుకీ మైకుకీ బాక్సుకీ బాగా కుదిరిన ఒక్క శ్రుతి మిగతావాటిని మింగేస్తుంది. అందుకే ఆ కూత ఎప్పుడూ ఒకే తీగ లాగినట్టు వినిపిస్తుంది.

మా చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో పద్యనాటకాలు ఆడేవారు. పొద్దుగూకక ముందే గోనెసంచులు పరిచి ముందువరసలో చోటు పట్టుకునేవాళ్లం. నిద్రొస్తే అక్కడే పడుకోవడం, హార్మోనియం మోగితే లేవడం. ఒక ఏడాది వేదిక వెనకున్న వేపచెట్టుకి హారన్ కట్టారు. ఇక చూడు, పద్యం ఎత్తుకుంటే చాలు, ఒకటే కూత. పెద్దలు తలో సలహా ఇస్తున్నారు. మైకుసెట్టు కుర్రాడికి టెన్షన్‌తో చెమటలు. అప్పుడు కృష్ణుడి వేషం వేసినాయన, నెత్తిన కిరీటంతోనే, వేదిక దిగి వచ్చాడు. "ముందు ఆ హారన్ వేదిక వెనక నుంచి తీసెయ్ బాబూ. వేదికకి ముందు కట్టి, మూతి జనం వైపు తిప్పు. నేను మైకు దగ్గరికి జరిగి పాడతాను, నువ్వు వాల్యూమ్ తగ్గించు" అన్నాడు. అంతే, కూత పోయింది! ఊరూరా పందిళ్లలో పాడి పాడి చెవితో నేర్చుకున్న విద్య అది.

ఆయన చేసిందేమిటి? తిరిగొచ్చే కబురు మైకు చెవిన పడకుండా దారి మళ్లించాడు. అసలు మాట చెవి దగ్గరే చెప్పాడు. నువ్వు మైకుకి ఉన్న దూరంలో సగానికి జరిగితే నీ గొంతు 6 డెసిబెల్స్ (శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత) దాకా ఎక్కువగా అందుతుంది. ఆపరేటర్ ఆ మేరకు తగ్గించుకోవచ్చు. ఇంకొకటి, మైకు జాలీని గుప్పిట్లో పట్టుకోకు. పాటగాళ్ల మైకుల్లో చాలావాటికి ముందు వైపు, అంటే పాడేవాళ్ల నోటి వైపు, వినికిడి ఎక్కువ, వెనక వైపు తక్కువ. జాలీ మూసేస్తే ఆ తేడా పోతుంది, అన్ని వైపులా చెవులు మొలిచినట్టే. పిడి పట్టుకో, చాలు.

మైకు అరిచినప్పుడు ఆపరేటర్ వైపు కోపంగా చూడకండమ్మా. కార్యక్రమం బాగా జరిగితే ఆయనను ఎవరూ తలుచుకోరు. హాలు ఖాళీగా ఉన్నప్పుడు అన్నీ సరిచూసుకుంటాడు. తీరా జనం నిండాక వాళ్ల ఒళ్లూ బట్టలూ శబ్దాన్ని పీల్చేసుకుంటాయి, మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి.

వినాయక చవితి పందిరికి తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లు. పెద్ద బాక్సులు పాడేవాళ్లకి ముందున్నాయా, వెనకా? పాడేవాళ్ల కాళ్ల దగ్గర వాళ్ల వైపే తిరిగి ఇంకో బాక్సు ఉంటే, అది మైకు ముందు వైపుందా, వీపు వైపుందా? చూసి, అలా ఎందుకు పెట్టారో మైకుసెట్టు అన్నయ్యనే అడుగు. ఆయన ఏం చెప్పాడో నాకు రాయి.

మీ తాతయ్య