ఐదు పైసల రెండో స్టాంపు

చిరంజీవి అమ్మడికీ, దాని భుజం మీదుగా తొంగిచూసి ఈ ఉత్తరం చదవబోయే మిగతా పిల్లలకూ తాతయ్య ఆశీస్సులు.

నా ట్రంకు పెట్టెలోంచి నువ్వు బయటికి లాగిన పాత కవరు ఫోటో అందింది. "కవరు మీద 20 పైసల ముద్ర ఉండనే ఉంది కదా తాతయ్యా, పక్కన మళ్లీ ఐదు పైసల స్టాంపు ఎందుకు? అయినా ఐదు పైసలకు ఏం వస్తుంది?" అని అడిగావు. మొదటి ప్రశ్న తేలికే. రెండోది మాత్రం నన్ను రెండు రోజులు పట్టుకుని వదలలేదు.

ఎందుకో ఆ స్టాంపు మీదే రాసి ఉంది చూడు, హిందీలోనూ ఇంగ్లీషులోనూ: శరణార్థులకు సహాయం. 1971 నవంబరు 15 నుంచి 1973 మార్చి చివరిదాకా మన దేశంలో కవరు పోస్టు చేయాలంటే మామూలు ఛార్జీకి తోడు ఈ ఐదు పైసల స్టాంపు అంటించాల్సిందే. కొత్త స్టాంపు అచ్చయ్యేదాకా ఆగే తీరిక లేక, మొదట్లో కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే ఆ మాటలు ముద్రించి అమ్మారు. బొమ్మలో ఒక కుటుంబం, దాని మీద 'శరణార్థి' అన్న ముద్ర. తొందరలో చేసిన పనే గాని, ఎంత సరిగ్గా కుదిరిందో!

అప్పటికి బంగ్లాదేశ్ అన్న పేరు నా స్కూలు పటంలో లేదు. అది తూర్పు పాకిస్తాన్. 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం సొంత దేశపు ప్రజల మీదే తుపాకులు పేల్చింది. ఊళ్లు తగలబడ్డాయి. ఆ ఏడాది చివరికి దాదాపు కోటిమంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్, త్రిపుర, అస్సాం, మేఘాలయలకు వచ్చి చేరారు.

కోటి అంటే నీకు ఎలా చెప్పను? మా చిన్నక్క పెళ్లి సంగతి చెబుతాను, విను. మగపెళ్లివారు రెండు బస్సుల్లో వస్తారన్నారు. నాలుగు బస్సులు దిగాయి. గాడిపొయ్యి దగ్గర వంటవాళ్లు గరిటెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మా నాన్న బియ్యం సంగతి ఎత్తలేదు. "ముందు నీళ్లు! ఖాళీ గంగాళాలన్నీ బావి దగ్గరికి పట్టండి" అన్నారు. తరువాత విస్తళ్ల లెక్క. పసిపిల్లల తల్లులు మొదటి బంతిలో, కుర్రవాళ్లు చివరి బంతిలో. కొట్టు తాళంచెవి ఒక్కరి దగ్గరే, అదీ గట్టిగా మాట్లాడగల మా పెద్దమ్మ దగ్గర. ఎవరికీ గుర్తుకు రానిది ఒక్కటే, చేతులు కడుక్కునే చోటు. రెండో బంతి లేచేసరికి అక్కడ మోకాలి లోతు బురద.

శరణార్థుల శిబిరం నడపడమంటే ఇదే. నీళ్లు, లెక్క, వరస, తాళంచెవి, బురద. ఈ ఐదింటిలో ఏది తప్పినా పాయసం ఎంత బాగున్నా లాభం లేదు. అప్పుడు దాదాపు 825 శిబిరాలు వెలిశాయి. వాటిలో 68 లక్షలమంది తలదాచుకున్నారు. ఇంకో 31 లక్షలమందిని చుట్టాలూ స్నేహితులూ తమ ఇళ్లలోనే పెట్టుకున్నారు. వాళ్ల పేర్లు ఏ స్టాంపు మీదా లేవు. కలకత్తా పక్కన సాల్ట్ లేక్‌లో మురుగునీటి కోసం తెచ్చి పడేసిన పెద్ద పెద్ద సిమెంటు గొట్టాలలో కాపురాలు పెట్టారు. త్రిపుర జనాభాయే 15 లక్షల చిల్లర. వచ్చినవాళ్లూ ఇంచుమించు అంతమంది. మన ఇంట్లో ఐదుగురం ఉన్నామనుకో, రాత్రికి రాత్రి ఇంకో ఐదుగురు వచ్చి, నెలల తరబడి వెళ్లలేని పరిస్థితి. ఆ మర్యాద త్రిపుర ఎలా నిలబెట్టుకుందో తలుచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

బురద అన్నాను కదా. జూన్‌లో వానలు పడ్డాయి, శిబిరాలలో కలరా వచ్చింది. కలరా పట్టిన మనిషి ఒంట్లోంచి నీరు చిల్లుకుండలోంచి కారినట్టు కారిపోతుంది. సరిహద్దు పక్కనే బన్‌గావ్ అనే ఊళ్లో రెండు గదుల, పదహారు మంచాల ఆసుపత్రి. మంచాలు నిండి నేల మీదంతా రోగులే. కలకత్తా నుంచి వెళ్లిన దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఆ మురికిలోనే మోకాళ్ల మీద కూర్చుని సెలైన్ ఎక్కించాడు. సీసాలు అయిపోవస్తున్నాయి. సూది గుచ్చడం వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

అప్పుడాయన పెద్ద డాక్టర్లు చాలామంది నమ్మని పని ఒకటి చేశాడు. లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. కలకత్తాలో ఈ పొడులు తూచి పాలిథిన్ సంచుల్లో పోసి, మూతులు ఇస్త్రీపెట్టెతో అతికించి పంపారు. బన్‌గావ్‌లో కుళాయి ఉన్న డ్రమ్ముల్లో కలిపారు. తాగించింది ఎవరో తెలుసా? రోగి తల్లి, అన్న, పక్కన కూర్చున్న చుట్టం. చేతికి గిన్నె ఇచ్చి "పోస్తూ ఉండండి" అన్నారు, అంతే. మన పెళ్లిళ్లలో మొదటి బంతిలో తిన్నవాళ్లు చేయి కడుక్కుని, నడుముకు తువ్వాలు బిగించి, తరువాతి బంతికి వడ్డించేవారు. బన్‌గావ్‌లో జరిగింది అదే. సాయం కోసం వచ్చినవాళ్లే గరిట అందుకున్నారు. అంతకుముందు శిబిరాలలో కలరా వచ్చినవాళ్లు నూటికి ముప్పైమంది దాకా చనిపోయేవారు. ఈ నీళ్లు తాగిన వేలమందిలో ఆ లెక్క నూటికి నలుగురి లోపుకు దిగింది.

ఉత్త నీళ్లు నిలవని కడుపులో ఈ నీళ్లు ఎందుకు నిలుస్తాయని అడుగుతావు. చక్కెర ఉప్పు చేయి పట్టుకుని పేగు గోడలోంచి లోపలికి వెళుతుందట. ఆ రెండింటి వెనకాలే నీళ్లు వెళతాయట. పెళ్లింటి గుమ్మం దగ్గర తెలిసిన చుట్టం ఒకరు మన చేయి పట్టుకుంటే మనల్ని ఎవరూ ఆపరు చూడు, అలాగ! ఇంతకుమించి నాకు తెలియదు. మీ సైన్సు టీచరును అడుగు. నాకు మాత్రం వంటింటి డబ్బాల్లో ఉండే ఉప్పూ తీపీ చావు దగ్గర కాపలా కాశాయంటే ఒళ్లు జలదరిస్తుంది, అది చాలు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. ఆ మందునీళ్ల ఖర్చు లీటరుకు 11 పైసలు. మూడు కవర్ల స్టాంపులకు ఒక లీటరు వచ్చి నాలుగు పైసలు మిగులుతాయి. అయితే నిజం చెప్పాలి, బన్‌గావ్ పని వానాకాలంలో జరిగింది. ఈ స్టాంపు నవంబరులో వచ్చింది. కాబట్టి నువ్వు చూసిన స్టాంపు ఆ నీళ్లకు పనికిరాలేదు. ఐదు పైసలకు ఎంత బరువుందో చూపడానికి ఈ లెక్క వేశాను.

ఆ బరువు నాకు అప్పట్లో తెలియలేదు. నాకు పదకొండేళ్లు. అత్తయ్యకు కవరు పోస్టు చేసి రమ్మని నాన్న పావలా ఇచ్చారు. కవరు 20, స్టాంపు ఐదు, సరిగ్గా సరిపోతుంది. పోస్టాఫీసు దారిలో కొట్టు, కొట్టులో సీసా, సీసాలో పిప్పరమెంట్లు. స్టాంపు లేని కవరు డబ్బాలో పడేసి, చొక్కా చేతికి నోరు తుడుచుకుని ఇంటికొచ్చాను. పది రోజులకు అత్తయ్య జవాబు వచ్చింది: "అన్నయ్యా, స్టాంపు తక్కువైందని పోస్ట్‌మన్ నా దగ్గర డబ్బు కట్టించుకున్నాడు." నాన్న ఆ ఉత్తరం పైకే చదివారు. నన్ను ఒక్క మాట అనలేదు. మరునాడు నా లెక్కల పుస్తకం తెరిస్తే పేపరులోంచి కత్తిరించిన ఫోటో ఉంది. సిమెంటు గొట్టం, దాని అంచున కూర్చుని నా ఈడు పిల్లవాడు. దూరాన ఉన్నవాళ్ల కోసం ఇచ్చిన డబ్బులోకి మన చేయి వెళ్లడం ఎంత సులువో నాకు ఆ రోజే తెలిసింది. పెద్దయ్యాక ఎక్కడ చందా ఇచ్చినా రసీదు అడుగుతాను. మీ అమ్మ నవ్వుతుంది. నవ్వనీ.

ఇంతసేపూ పెళ్లి, పెళ్లి అన్నాను కానీ ఆ పోలిక ఒకచోట తెగిపోతుంది. మగపెళ్లివారు సాయంత్రానికి బస్సెక్కి ఇంటికి వెళ్లారు, వాళ్లకు ఇల్లుంది. శిబిరంలో ఉన్నవాళ్లు పిలిస్తే వచ్చినవాళ్లు కారు, తిని వెళ్లిపోవడానికీ లేదు. 1971 డిసెంబరు 16న తూర్పు పాకిస్తాన్‌లో యుద్ధం ముగిసి, అది బంగ్లాదేశ్ అయింది. ఫిబ్రవరి చివరికల్లా 90 లక్షలమందికి పైగా రైళ్లలో, లారీల్లో, కాలినడకన తిరిగి వెళ్లారు. వెళ్లేటప్పుడు దారి బత్తెంతో పాటు రెండు వారాల దినుసులు చేతికిచ్చి పంపారు. అంత త్వరగా ఇల్లు చేరడం అందరికీ దొరికే అదృష్టం కాదు. ఆ బంగ్లాదేశ్‌లోనే కాక్స్ బజార్ దగ్గర 2017 ఆగస్టు నుంచి మయన్మార్ వదిలి వచ్చిన ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలు ఇప్పటికీ శిబిరాలలోనే ఉన్నారు. హైదరాబాదు బాలాపూర్ వైపు కూడా కొన్ని వేలమంది ఉన్నారు. మీ బస్సు ఆ దారిన వెళ్లినప్పుడు కిటికీలోంచి చూసే ఉంటావు, ఎవరో తెలియకుండానే.

మహలనబిస్ 2022లో పోయాడు. మరుసటి ఏడు ఆయన పేరున పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇప్పుడు లేచి మీ ఇంట్లో మందుల డబ్బా తెరువు. ఓఆర్‌ఎస్ పొట్లం ఉంటుంది, ఆ మందునీళ్ల పొడికి ఇప్పటి పేరు అదే. వెనక్కి తిప్పి ఉప్పు ఎంతో, గ్లూకోజు ఎంతో చదివి, నేను పైన రాసిన లెక్కతో పోల్చు. తేడా ఎందుకు వచ్చిందో మీ డాక్టరును అడుగు. ఇంకొక మాట, ఆ స్టాంపును నీళ్లలో నానబెట్టి కవరు మీదనుంచి ఊడదీయకు. కవరు మీద తపాలా ముద్ర, తేదీ ఉన్నాయి, అవి కూడా కావాలి. నా బల్ల సొరుగులో భూతద్దం ఉంది. దానితో స్టాంపు చూసి, అందులో ఎంతమంది ఉన్నారో, వాళ్ల చేతుల్లో ఏమైనా ఉందో లేదో లెక్కపెట్టి నాకు రాయి. నా కళ్లకు ఇప్పుడు అంత చిన్న బొమ్మ ఆనడం లేదు.

మీ తాతయ్య