పాలుకిచ్చిన దూడ

పిల్లలూ,

మొన్న వర్జీనియాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, ఏడేళ్ళ మనవరాలు నన్ను వాషింగ్టన్ జూకి లాక్కెళ్ళింది. అక్కడ బావో లీ అనే మగ పాండా మాకు వీపు చూపించి కూర్చుని వెదురు నములుతోంది. "తాతయ్యా, వీడి ఊరు చైనా కదా. ఇక్కడ బెంగ పెట్టుకోడా?" అందది. ఐస్‌క్రీం కొనిచ్చి అప్పటికి తప్పించుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మా చిన్నప్పుడు పల్లెల్లో పశువుని పాలుకివ్వడం అని ఉండేది. ఇది తాగే పాలు కాదర్రా, వాటా. మేపే వీల్లేనివాళ్ళు తమ పెయ్యని ఇంకొకరింట్లో పెట్టేవాళ్ళు. పెయ్య ఇచ్చినవాళ్ళదే. ఈనాక పుట్టిన దూడల్లో సగం మేపినవాళ్ళవి.

చైనా కూడా పాండాల్ని ఇలాగే ఇస్తుంది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్ళొచ్చిన 1972లో మాత్రం ఒక జంటని ఈ జూకి కానుకగా పంపారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి కానుకలు మానేశారు, ఇప్పుడంతా పాలే. 2000లో మే షియాంగ్, తియాన్ తియాన్ ఆ జూకి అలా వచ్చినవే. వాటికి అక్కడ పుట్టిన పిల్లలు కూడా చైనావే. నాలుగేళ్ళు వచ్చేలోపు పంపెయ్యాలి. అలా 2013లో పుట్టిన బావో బావో అనే ఆడపిల్ల 2017లో విమానమెక్కింది. చైనాలో దానికి 2021లో పుట్టినవాడే మన బావో లీ!

అంటే వాడొచ్చింది అమ్మమ్మగారి ఊరికే. తీరా అమ్మమ్మా తాతా 2023 నవంబరులో చైనా వెళ్ళిపోయారు, మనవడు 2024 అక్టోబరులో దిగాడు. ఏడాది ఆగుంటే ఎంత బాగుండేదో.

దూడ పోలిక ఇక్కడ కాస్త కుంటుతుంది. మా ఊళ్ళో మేపినవాళ్ళకి వాటా వచ్చేది. ఇక్కడ మేపేవాళ్ళే జంటకి ఏడాదికి 10 లక్షల డాలర్లు ఎదురు కడతారు, అదీ పదేళ్ళ ఒప్పందం. మా నాన్న వింటే నవ్వేవాడు.

మా ఇంటికీ ఒక పాలు పెయ్య వచ్చింది. దాని మొదటి దూడ, నుదుట తెల్ల చుక్కది, మా కొట్టంలోనే పుట్టింది. మా ఇంట్లో పుట్టింది కాబట్టి మాదే అనుకున్నాను. ఏడాదిన్నర పాటు కుడితి పెట్టింది నేను. చివరికి అది వాళ్ళ వాటాకి పోయింది. రెండు పూటలు అన్నం మానేశాను. "పరాయి దూడని మన దూడకంటే బాగా చూసుకోవాలిరా, వెళ్ళేటప్పుడు బక్కగా ఉంటే మనకే పరువు తక్కువ" అన్నాడు నాన్న. ఆ మాట మాత్రం మీరూ గుర్తుపెట్టుకోండి, తెచ్చుకున్న పుస్తకమైనా సరే.

మూడో రోజు రెండు మైళ్ళు నడిచి దాన్ని చూడ్డానికి వెళ్ళాను. గడ్డి మేస్తోంది. తలెత్తి నన్నొకసారి చూసి, మళ్ళీ మేతలో పడింది. నాకు ఎంత కోపమొచ్చిందో!

బావో లీ కూడా అంతే, తల ఎత్తడు. పాపం, వాడికి తీరికేదీ? ఎలుగుబంటి జాతి, పేగులు మాంసం తినే జంతువులవి, తినేదేమో వెదురు. దూడలా నెమరువేసే పొట్ట లేదు. తిన్నదాంట్లో ఒంటబట్టేది ఐదో వంతు కూడా ఉండదు. అందుకే రోజులో పది, పన్నెండు గంటలు తింటూనే ఉండాలి. ఇంకో మాట. వాడు పుట్టింది అడవిలో కాదు, చైనాలోని సిచువాన్‌లో మనుషులు పాండాల్ని పెంచే చోట. 2015లో చైనా ప్రకటించిన లెక్కలో కొండల్లో తిరిగే పాండాలు 1,864. వాటి ఊరూ వీడి ఊరూ ఒకటేనా? నాకు తేలలేదు.

మీలో ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు ఒకసారి వెళ్ళండి, ఆ జూకి టికెట్ డబ్బుల్లేవు. వాడి ముందుకాలు చూడండి. మణికట్టు ఎముక ఒకటి బొటనవేలులా ముందుకొచ్చి ఉంటుంది. దాంతో వెదురు పట్టుకుని, మనం చెరుకు గడ ఒలిచినట్టే పళ్ళతో ఒలుస్తాడు. వాడు నమలడం ఆపి ఎప్పుడైనా తలెత్తితే, ఎటు చూశాడో నాకు రాయండి.

ఇప్పటికి మా మనవరాలు ఒక్కటే రాసింది. వెదురు తెచ్చే మనిషి తలుపు తీసినప్పుడట.

మీ
తాతయ్య