సైనస్ వ్యాధి: జేబులో ముక్కు చుక్కలు పెట్టుకుని తిరిగేవారికి

మొన్న ముక్కు చూపించుకోవడానికి నా దగ్గరికి వచ్చినాయన పోర్టులో క్రేన్ నడుపుతారు. కూర్చోగానే చొక్కా జేబులోంచి చిన్న ప్లాస్టిక్ సీసా తీసి బల్ల మీద పెట్టారు. పట్టుకుని పట్టుకుని దాని మీది అక్షరాలు చెరిగిపోయాయి. "ఇది లేకపోతే ఊపిరాడదండీ" అన్నారు. నాలుగేళ్లుగా రోజుకు ఆరేడుసార్లు వేసుకుంటున్నారట, రాత్రి నిద్రలోంచి లేచి మరీ. అంతకుముందు చూసిన డాక్టరు రాసిచ్చిన స్ప్రే ఏమైందని అడిగితే, "అది స్టెరాయిడ్ అట కదండీ, భయమేసి వాడలేదు" అన్నారు.

అపోహ: చుక్కల మందు మామూలుది, స్ప్రే ప్రమాదకరం.

వాస్తవం దీనికి పూర్తిగా తలకిందులు. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు ముక్కులోని రక్తనాళాలను బిగిస్తాయి. నిమిషాల్లో దారి తెరుచుకుంటుంది, ప్రాణం లేచొచ్చినట్లుంటుంది. జలుబుకు మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు వాడవచ్చు. ఆ తర్వాత మందు ప్రభావం తగ్గిన ప్రతిసారీ లోపలి పొర మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ ఉబ్బు. ఎండోస్కోపు పెడితే ఆయన టర్బినేట్లు, అంటే ముక్కు లోపల పక్క గోడల మీద ఉండే మడతలు, వాచి మధ్య గోడకు ఆనుకుని ఉన్నాయి. సైనస్ ముదిరిందని ఆయన భయం. ఆ దిబ్బడలో పెద్ద భాగం సీసా తెచ్చిపెట్టినదే.

ఇక స్ప్రే. మొమెటసోన్, ఫ్లూటికసోన్ స్ప్రేలలో రక్తంలో చేరేది రెండు శాతం లోపే. ఒళ్లు ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం అని మీరు విన్నవన్నీ నెలల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రల సంగతి. ఎవరో ఫోనులో పంపిన ఒక్క సందేశం చూసి నాలుగేళ్ల నిద్ర పోగొట్టుకుంటే నాకు కోపం రాదా? ఆయన మీద కాదు, ఆ పుకారు మీద.

స్ప్రే కొట్టే పద్ధతి కూడా ఎవరూ చూపించరు. తల కొంచెం ముందుకు వంచండి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, మధ్య గోడకు తగలకుండా చెవి వైపుగా కొట్టండి. గట్టిగా పీల్చకండి, మందు గొంతులోకి పోతుంది. గుణం పూర్తిగా తెలియడానికి వారాలు పడుతుంది. వారం వాడి పారేసేవారే ఎక్కువ. చుక్కలు ఒక్కసారిగా మానలేనివారికి నేను ముందు ఒక పక్క మాన్పిస్తాను, అది తెరుచుకున్నాక రెండో పక్క. మొదటి రోజులు కష్టంగానే ఉంటాయి. ఆయనకూ ఆ మాటే చెప్పాను. రాత్రి డ్యూటీలో అంత ఎత్తున కూర్చుని కునికిపాట్లు పడే మనిషికి నిద్ర అన్నిటికంటే ముఖ్యమైన మందు.

"ముక్కు దిబ్బడే కదా, అందరికీ ఉండేదే" అనేవారికి ఫిషింగ్ హార్బర్‌లో చేపలు అమ్మే ఒకావిడ సంగతి చెప్పాలి. పాలిప్స్ (ముక్కు లోపలి పొర ఉబ్బి పెరిగే మెత్తని కండలు) వల్ల ఆవిడకు వాసన పూర్తిగా పోయింది. మొప్పలు ఎత్తి రంగు చూసేది, కానీ చేప తాజాదో కాదో కూతురు వాసన చూసి చెప్పాలి. ఇంట్లో అన్నం మాడినా తెలిసేది కాదు. "ఆపరేషన్ చేయించినా మళ్లీ వస్తుందట కదా బాబూ" అని రెండేళ్లు ఆగింది. పాలిప్స్ మళ్లీ రావచ్చు, నిజమే. అందుకే ఆపరేషన్ తర్వాత కూడా స్ప్రే, ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం మానకూడదు. ఆవిడ మానలేదు. ఒకరోజు తాలింపు వాసన వచ్చిందని చెప్పడానికే వచ్చి కూర్చుంది.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. చీమిడి పచ్చగా ఉంటే యాంటీబయాటిక్ కావాలన్నది తప్పు. తలనొప్పి ప్రతిదీ సైనస్ కాదు. వెలుతురు పడక, వాంతి వచ్చేలా ఉండి, తల ఒక పక్క పోటు పెడుతుంటే అది మైగ్రేన్ కావచ్చు. సముద్రపు గాలి పడదని విశాఖ వదిలి వెళ్లనక్కర్లేదు. దుమ్ము, సిగరెట్టు పొగ వదిలితే చాలా మేలు. ముక్కు కడిగే నీరు తప్పనిసరిగా కాచి చల్లార్చినదై ఉండాలి, కుళాయి నీరు వద్దు.

12 వారాలు దాటిన దిబ్బడకు తీరిక చూసుకుని రావచ్చు. కన్ను వాచినా, చూపు రెండుగా కనిపించినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా మాత్రం నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. రాత్రి ఎంతైనా సరే, కేజీహెచ్ (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి) అత్యవసర విభాగానికి వెళ్లండి.